కొరడా పిడికి కొవ్వు రాయకండి

ఏమండీ, కొరడా గుమ్మం పక్క మేకుకు తగిలించాను. మణికట్టుకు వేసుకునే తోలు ఉచ్చు తెగబోతుంటే కొత్తది కట్టాను. గొర్రె తోక కొవ్వు కరిగించి అల్లిన తోలుకు పట్టించండి. పొయ్యి దగ్గర పెట్టకండి, తోలు పగులుతుంది.

పిడికి మాత్రం రాయకండి. కిందటిసారి, గుర్రాల మీద మేక మొండం కోసం పోటీపడే ఆటకు ముందు, రాశారు. మేక మొండాన్ని నేల మీంచి ఎత్తడానికి వంగి కొరడాను పళ్ళతో పట్టుకోగానే అది జారిపోయింది. దాని కోసం మీరు గుర్రం దిగారు, మేకను మా పుట్టింటి ఊరివాళ్ళు ఎత్తుకుపోయారు. "అక్కా, బావకు పళ్ళు కూడా ఊడాయా?" అని తమ్ముడు నుర్దిన్ ఇప్పటికీ అడుగుతున్నాడు.

రేపటి ఆట కూడా వాళ్ళతోనే కదా, మా పుట్టింటివాళ్ళకు వండిపెట్టడానికే వెళ్తున్నాను. మీకు కుండలో మాంసం ఉంది.

సాల్కిన్

మరో మాట. మీరు గెలిస్తే నేను మా వాళ్ళ మధ్య కూర్చుని ఏడుపు ముఖం పెట్టాలి. పొద్దున్నుంచి అద్దం ముందు అదే సాధన చేస్తున్నాను. వృథా చేయకండి.