ఆరేసే దొడ్డి ఖాళీ కాదు

మార్చి 4, మంగళవారం

నాకు రాయడం రాదు. కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, తిట్లతో సహా. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. రేపు మున్సిపల్ ఆఫీసులో నోరు తడబడకుండా ఇవాళే ఒకసారి కక్కేస్తున్నాను.

సంగతి ఇది. నగరం మాస్టర్ ప్లాన్ మారుస్తున్నారు. నగరం మీద ఇంకో పెద్దాఫీసు ఉందట, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి రీజనల్ ప్లాన్ వేసిందట. వాననీరు ఇంకడానికి ప్రతి నగరమూ ఇంత ఖాళీ నేల చూపించి తీరాలట. మా నగరానికి తక్కువ పడింది. వెతికి వెతికి మా లాండ్రీల వీధినీ, వెనకున్న ఆరేసే దొడ్డినీ కలిపి పటంలో పార్కు రంగు పూసేశారు.

మా మామగారి కాలం నుంచి ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్న వీధి ఇది. ఎవడబ్బ సొమ్మని?

మార్చి 5, బుధవారం

పటాలు గీసే ఆయన ఆకాశం నుంచి తీసిన ఫొటో చూపించాడు. మా వీధి లేదు. తెల్లటి బయలు ఉంది.

చూడగానే అర్థమైంది. ముసురు పట్టి నాలుగు రోజుల తర్వాత ఎండ కాస్తే దండేలు చాలవు మాకు. ఇళ్ళ కప్పుల మీదా, రేకుల మీదా, దొడ్లో టార్పాలిన్ పట్టాలేసి వాటి మీదా, ఎక్కడ జాగా ఉంటే అక్కడ దుప్పట్లు పరిచేస్తాం. ఫొటో అలాంటి రోజున తీశారు. ఈయన సున్నపు నేల అనుకున్నాడట. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. దుప్పటి ఎత్తి చూడటానికి చేతుల్లేవా అన్నాను. అది పైనుంచి తీస్తారు పెద్దమ్మా అన్నాడు. కిందికి దిగితే కాళ్ళరుగుతాయా అన్నాను. వెనక గుమస్తా నవ్వి, దగ్గినట్టు నటించాడు.

మార్చి 6

మోకాళ్ళ నొప్పులు. ఇవాళ ఏమీ చెప్పను.

మార్చి 12, బుధవారం

పటాలాయన దిగాడు. ఇల్లిల్లూ చూశాడు. తప్పు మాదే, ఇళ్ళకి ఇళ్ళ రంగే వేస్తామన్నాడు. వీధంతా గంతులు. మా మరిది, సంఘం పెద్దనని తిరుగుతుంటాడు, అందరికీ టీలు పోయించాడు.

దొడ్డి సంగతేమిటన్నాను. అక్కడ ఎవరూ కాపురం ఉండరు కాబట్టి అది ఖాళీయేనట. పార్కు వస్తే బెంచీలేస్తారు, సాయంత్రం చల్లగా కూర్చోవచ్చన్నాడు. దొడ్డి పోతే పొద్దుటినుంచీ కూర్చోవడమేగా నాయనా నా పని అన్నాను.

ఇల్లు నిలబెట్టి పొయ్యి ఆర్పడం అంటే ఇదే. మరిదికి ఎక్కలేదు. కొండంత పోయేది గోరంతతో పోయింది, ఇక నోరు కట్టుకో వదినా అన్నాడు. గోరు నీది కాదు కాబట్టి నొప్పి లేదన్నాను.

కోడలిదీ అదే పాట. ఇల్లు దక్కింది, చాలత్తయ్యా అంది. ఆ మాట కూడా రాయమన్నాను. మూతి ముడుచుకుని రాస్తోంది.

మార్చి 18, మంగళవారం

ప్లాన్ మీద అభ్యంతరాలు వినే విచారణ జరిగింది. పెద్దాఫీసు మేడం వచ్చింది. సాయంత్రం అయిదు దాటితే మీ ఆఫీసులోనూ ఎవరూ కాపురం ఉండరు, మరి దానికి కూడా పార్కు రంగు వెయ్యండి అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పోయిన వానాకాలం పల్లపు వీధిలో పిల్లల్ని బల్లల మీద నిలబెట్టి ముసలివాళ్ళని భుజాల మీద మోశారమ్మా, ఆ నీళ్ళు ఎక్కడో ఒకచోట ఇంకాలి కదా అంది. నిజమే. నేనూ చూశాను. కాదని అబద్ధమాడను.

అందుకే అడిగాను. మా దొడ్డి మట్టినేల. ఏనాడూ సిమెంటు పొయ్యలేదు. నీళ్ళు ఇంకనివ్వండి, ఎవరొద్దన్నారు? వాన పడుతుంటే మేం ఎలాగూ ఆరెయ్యం. వాన మీరు తీసుకోండి, ఎండ మాకు వదలండి.

ఆవిడ పటం అంచునున్న రంగుల పట్టీ మీద వేలు పెట్టి చూసింది. రెండు పనులకి ఒకే నేల చూపించే రంగు తమ ప్లాన్‌లో లేదంది. లేకపోతే కలపండి, రంగులు కలపడం చిన్నపిల్లలకీ వచ్చన్నాను. చివరికి, వచ్చే మంగళవారం ఫొటోలకి డ్రోన్ పంపిస్తాం, ఆ రోజు దొడ్డి ఖాళీ చేసి మట్టి కనబడనివ్వండి, తర్వాత చూద్దాం అంది.

మార్చి 24, సోమవారం

ఖాళీ చేసి చూపిస్తే ఖాళీ అని రాసుకుంటారు. ఇంత చిన్న మాట వీధిలో ఒక్కరికీ ఎక్కదేం? మొండి ముండ అన్నాడట మరిది నన్ను. అవును.

మార్చి 25, ఉదయం

కప్పుల మీద దుప్పట్లూ, దొడ్లో పట్టాలూ తీయించాను. ఇళ్ళు కనబడాలి, మట్టీ కనబడాలి. దండేలు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి నింపేశాను. మరిది ఒక దుప్పటి మీద చెయ్యి వేశాడు. తియ్యి చూద్దాం అన్నాను. తియ్యలేదు.

డ్రోన్ చప్పుడు వినబడుతోంది. నేను వెళ్ళి దండేల మధ్య నిలబడతాను. అమ్మాయ్, రాసింది చాలు. వస్తావా, రావా?

వస్తున్నాను అత్తయ్యా.