గోడ మళ్లీ కట్టిన రోజు

అన్నా, నువ్వు పోయి ఏడాదయింది. ఎప్పుడూ కలవరించేవాడివే, ఇనుము కోసే ఆ మిల్లింగ్ మిషను ఈ రోజు మనింటికి వచ్చింది. పత్తి జిన్నింగ్ మిల్లుల చక్రాలకు పళ్లు ఇక ఆకురాయితో అరగదీయక్కర్లేదు. దాన్ని నడిపేది నేనే.

ఆదోనిలో పాత మిషన్లు అమ్మేచోట రెండున్నాయి. పెద్దది చవకే. నువ్వు నేర్పినట్టు మిషను బల్ల పట్టుకుని ఊపితే కదిలింది, అరిగిపోయిందన్నమాట. చిన్నది కదల్లేదు. అదే తీసుకుని ఎద్దులబండి మీద ఎమ్మిగనూరు తెచ్చాం. చిన్నదైనా మన గుమ్మంలో పట్టలేదు. వీధి గోడ పడగొట్టి లోపలికి దించాం. నాయన వెంటనే మళ్లీ గోడ కట్టడం మొదలుపెట్టాడు. నేను లోపల కూర్చుని మిషనుకు బోల్టులు బిగిస్తుంటే వెలుతురు తగ్గుతూ వచ్చింది.

"ఇంగ నువ్వు యాడికీ పోవాల్సిన పనిలేదప్పా," అన్నాడు నాయన, ఎంతో సంతోషంగా.

గుంతకల్లు రైల్వే షెడ్డులో చేరాలనుకున్న సంగతి నీ ఒక్కడికే చెప్పాను. నువ్వుంటే ఈపాటికి అక్కడుండేవాణ్ణి.

చివరి రాయి పెడుతూ నాయన అవతలి నుంచి కేకేశాడు. "గట్టిగా బిగించినావా? ఊపి చూడు, కదుల్తాదేమో!"

ఊపి చూశాను అన్నా. కదల్లేదు.