కొంగ సరస్సుకు కాదు

మిన్నెసోటా ఉత్తరపు అంచున, తమరాక్ ఫాల్స్ ఊరి అవతల మట్టిరోడ్డు చివరి ఇంట్లో ఉంటున్న నేను, సైమీ నుర్మెలాను, కీర్తిశేషులు అర్వో నుర్మెలా భార్యను, డెబ్బై ఒక్కేళ్ళ దానిని, నా తెలివి నా దగ్గర ఉండగానే, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, వంటింటి బల్ల మీద నా చేత్తో రాసుకుంటున్న కడపటి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవైనా ఉంటే ఇకపై చెల్లవు. గడ్డ ఉన్నది కడుపులో, తలలో కాదు. మంచు కరిగేదాకా ఉంటానో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఉండనని అతని మొహమే చెప్పింది.

వకీలు ప్రిచర్డ్ గారు ముందు ఒక నమూనా రాసిచ్చారు. చాలా శుభ్రంగా ఉంది. అందులో మనుషులెవరూ లేరు. అందుకని నేనే రాస్తున్నాను. ఆయనను అమలుకర్తగా నియమిస్తున్నాను. "అమ్మా, వీలునామా కోర్టులో దాఖలైతే దాన్ని ఎవరైనా చదవొచ్చు, కాస్త చూసి రాయండి" అని ఆయన హెచ్చరించారు. చదవాలనే రాస్తున్నాను.

1. నా అంత్యక్రియలు. ప్రసంగం పొట్టిగా, కాఫీ చిక్కగా ఉండాలి. పేటిక మోసేవాళ్ళలో ఎల్రాయ్ స్టాడ్ ఉండకూడదు. అతను చెయ్యి వేస్తే దింపేసి, వేరే మనిషి దొరికేదాకా నన్ను మంచులోనే ఉంచండి. నాకేం తొందర లేదు.

2. ఇల్లు, దాని వెనక స్థలం, ఆవిరి స్నానాల సౌనా గది, కట్టెల పాకతో సహా నా ఏకైక కుమార్తె కైసాకు సర్వహక్కులతో చెందుతాయి. అల్లుడు వెండెల్ పోయినసారి వచ్చినప్పుడు టేపు పట్టుకుని సౌనా గది కొలుస్తుంటే కిటికీలోంచి చూశాను. కారు పెట్టుకోవడానికి సరిపోతుందేమోనని కాబోలు. అమ్మాయీ, నువ్వు పుట్టింది ఆ గదిలో. మీ నాన్నకు ఆఖరి స్నానం పోసిందీ ఆ గదిలోనే, పోసింది నేనే. దాన్ని పడగొడితే ఇల్లు చర్చికి పోతుంది. ఈ షరతు ప్రిచర్డ్ గారి చేత సరిచూపించాను, చెల్లుతుందట.

3. రై రొట్టె పిండి పులియబెట్టే చెక్కతొట్టి పక్కింటి హెల్వికి. హెల్వీ, దాన్ని కడగొద్దు, పులుపంతా ఆ చెక్కలోనే ఉంది. మా అత్తగారు సముద్రం దాటించి తెచ్చినప్పటి నుంచీ ఎవరూ కడగలేదు. నీకు శుభ్రం పిచ్చి అని తెలిసే చెబుతున్నాను. నా కోసం నువ్వు చేసిన చాకిరీకి ఇది ఏ మూలకూ రాదు.

4. అర్వో ఉన్ని కోటు అల్లుడు వెండెల్‌కు. నాయనా, నీకు పొట్ట దగ్గర కాస్త బిగుతుగా ఉంటుంది. నీ మీద నాకు కోపం లేదు. "అత్తయ్యగారూ, ఆ అడవి సరస్సు దగ్గర బాత్రూమ్ ఎలా ఉంటుందండీ?" అని నువ్వడిగినప్పుడు నవ్వినందుకు ఏమీ అనుకోకు. పోయిన ఏడాదంతా నేను నవ్వింది ఆ ఒక్కసారే.

5. కనూ పడవ. దేవదారు పక్కటెముకలు, పైన కాన్వాసు, ఆకుపచ్చ రంగు. అర్వో, అతని తమ్ముడు తౌనో ఇద్దరూ కలిసి మా పాకలో కట్టారు. రెండు తెడ్లు, మోసే కాడి, ఎరకు జలగలు పోసుకునే డబ్బాతో సహా ఇది కైసాకు చెందుతుంది. కానీ ఉత్తినే చెందదు. షరతులకు ముందు జరిగింది రాయాలి.

పెళ్ళయిన కొత్తలో అన్నదమ్ములిద్దరూ పాలక్యానుల్లో బాస్ చేపపిల్లలు నింపుకుని, వీపుల మీద మోసుకెళ్ళి, చేప అన్నదే లేని ఒక చిన్న సరస్సులో వదిలారు. చిన్నమూతి బాస్. ఎర్రకళ్ళది, గాలానికి తగలగానే నీళ్ళలోంచి ఎగిరిపడేది. కొన్నేళ్ళకు ఆ సరస్సు నిండా అవే. పటంలో దానికి పేరు లేదు. వీళ్ళు పాలక్యాను సరస్సు అనుకునేవారు. మా ఊళ్ళో మంచి సరస్సు పేరు బయటపెట్టే మగవాడు లేడు. ఎక్కడికని అడిగితే ఇంకో సరస్సు పేరు చెబుతారు. అది అబద్ధం కింద లెక్క కాదు, మర్యాద. వీళ్ళు "కొంగ సరస్సుకు" అని చెప్పేవారు. దుకాణంలో అదే చెప్పారు, చర్చిలో అదే చెప్పారు, ఇంట్లో పెళ్ళానికీ అదే చెప్పారు. నేను నమ్మాను.

ఇరవై ఏళ్ళ కిందట ఒక జూన్‌లో తౌనోకు గనిలో పని పడింది. అర్వో ఒక్కడే వెళ్ళాడు. వస్తానన్న సాయంత్రం రాలేదు. నేను తౌనో ఇంటికి పరిగెత్తాను. "చేప బాగా పడుతున్నట్టుంది వదినా, వస్తాడులే" అన్నాడు. తెల్లారి నేనే షెరీఫుకు చెప్పాను, కొంగ సరస్సు అని. ఊరంతా అక్కడికి కదిలింది. తౌనో కూడా వాళ్ళతో పడవెక్కాడు. అన్న అక్కడ లేడని తెలిసీ, వాళ్ళు నీటి అడుగున కొక్కేలు వేసి లాగుతుంటే తనూ లాగాడు. ఎల్రాయ్ స్టాడ్ పడవ చాటున గాలం వేశాడు. అది నా కళ్ళతో చూశాను. నా మొగుడి శవం కోసం వెతుకుతున్న నీళ్ళలో గాలం వేశాడు, దొంగవెధవ.

మూడో రోజు తౌనో ఎవరికీ చెప్పకుండా జారుకున్నాడు. పాలక్యాను సరస్సుకు పడవ మోసుకుంటూ నడిచే మోతదారిలో, వాగు పక్క రాళ్ళ దగ్గర అర్వో దొరికాడు. తల మీద కనూ మోస్తూ తడిరాయి మీద జారాడు. తొడ ఎముక విరిగింది. వాన తగలకుండా కనూ సగం మీదకి లాక్కున్నాడు. అతను పోయి ఒక్క రోజే అయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఒక్క రోజు! తౌనో అన్నను అదే కనూలో వేసుకుని, అన్ని సరస్సులూ దాటించి, కొంగ సరస్సు ఒడ్డుకు తెచ్చి పడుకోబెట్టాడు. ఊరందరికీ అక్కడే దొరికాడని చెప్పాడు. చచ్చిన అన్న పక్కన నిలబడి కూడా సరస్సు పేరు దాచాడు.

మరుసటి వేసవిలో తౌనో నన్ను కనూలో ముందు వైపు కూర్చోబెట్టి అక్కడికి తీసుకెళ్ళి, నోరు విప్పాడు. "చచ్చినా చెప్పొద్దని అన్నయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు వదినా. పొద్దు తిరిగేసరికి తనే నవ్వుకుంటూ వస్తాడనుకున్నాను." రేవుకు తిరిగొచ్చాక నేను ఒడ్డున దిగి, అతని బండెక్కకుండా ఇంటికి నడిచొచ్చాను. అప్పటి నుంచి పంతొమ్మిదేళ్ళుగా, రోడ్డుకు అటు అతనూ ఇటు నేనూ. ఒక్క మాట లేదు.

ఈ చలికాలం ఇదంతా కైసాకు చెప్పాను. చెప్పకుండా పోదామనుకున్నాను గానీ కడుపులో ఆగలేదు. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "జూన్‌లో నేనూ వెండెల్ వెళ్తామమ్మా. నాన్న వదిలిన చేపలు నేను పట్టుకోవాలి" అంది. వద్దన్నాను. వింటుందా? వాళ్ళ నాన్న కూతురు. అడ్డుపడలేను కనుక ఏర్పాట్లయినా సరిగ్గా చేద్దామని బల్ల మీద పటం పరిచాం. అంతవరకూ బాగానే ఉంది.

పోయిన వారం ఇద్దరం ఎల్రాయ్ ఎరల దుకాణానికి వెళ్ళాం. గాలానికి దారం కావాలి. "ఏం కైసా, వేసవికి ఎక్కడికి పయనం?" అని ఆ ముసలాడు అడిగాడు. నా కూతురు కళ్ళు కూడా ఆర్పకుండా, "కొంగ సరస్సుకండీ" అంది.

అక్కడున్న మంచు తవ్వే బర్మాను పట్టుకుని నిలబడ్డాను. కారులో అడిగితే, "అందరూ అలాగే చెబుతారు కదమ్మా, ఏమైందిప్పుడు?" అంది. ఏమైందా! ఈ వీలునామా రాయడానికి అదే కారణం.

6. కైసా, వెండెల్ వెళ్ళే పద్ధతి. ఇది పాటిస్తేనే కనూ మీది.

బయల్దేరేది గుమ్మం పక్క లైలాక్ పొద పూశాకే. అంతకు ముందు నీళ్ళు చల్లగా ఉంటాయి, పడవ బోల్తా పడితే ఈదే టైముండదు. వెనక కూర్చుని పడవ తిప్పేది కైసా. వెండెల్ ముందు కూర్చుని చెప్పినట్టు తెడ్డు వేయాలి. దీని మీద చర్చ లేదు. మడత కుర్చీలు, రేడియో, గ్యాసు పొయ్యి ఇంట్లో వదలాలి. మోతదారిలో రెండో అడుగుకే వాటి మీద అసహ్యం పుడుతుంది. రొట్టె, పంది మాంసం, కాఫీ, బంగాళాదుంపలు, పెనం, తాడు, గొడ్డలి చాలు.

దారి ఇది. గుర్రపునాడా సరస్సు రేవులో దిగి, ఉత్తరపు మూల కాలిన పైన్ మొద్దు దగ్గర ఒడ్డెక్కాలి. మొదటి మోతదారి పొట్టిది. తర్వాత రెల్లు పెరిగిన మడుగు, తెడ్డు కన్నా చేతులే ఎక్కువ పని చేస్తాయి. మడుగు తూర్పు కొసన రెండో మోతదారి మొదలవుతుంది. కొండెక్కి, వాగు పక్కన దిగుతుంది. దాని చివర పాలక్యాను సరస్సు. ఇదిగో, రాసేశాను. ఏ పిడుగూ పడలేదు.

రెండో మోతదారిలో కాడి భుజాల మీద పెట్టుకుని కనూ మోసేవాళ్ళకు తమ పాదాలు తప్ప ఏమీ కనపడదు. కాబట్టి రెండోవాళ్ళు వట్టి చేతులతో ముందు నడుస్తూ రాయి రాయికీ చెప్పాలి. మూటల కోసం మళ్ళీ వెనక్కి రండి. ఎక్కువ నడుస్తారు, నడవండి. వాన పడితే కనూ బోర్లించి దాని కింద కూర్చోవాలి. వాన వెలిశాక కూడా రాయి ఆరేదాకా కదలొద్దు. ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా ఆ దారిలో అడుగు పెట్టకూడదు, ఎంత అవసరం పడినా సరే.

జూన్‌లో ఆడ బాస్ గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. మగది గులకరాళ్ళ గూడు మీద తిండి మానేసి కాపలా కాస్తుంది, దగ్గరకొచ్చిన దేన్నయినా కరుస్తుంది. అది గాలానికి పడితే వెంటనే వదిలెయ్యండి. ఇంటిపట్టున ఉండే మగవాడు దొరకడమే అరుదు.

అర్వో పడిన చోట ఆగాలనిపిస్తే ఆగండి. శిలువ పాతొద్దు, రాయి మీద పేరు చెక్కొద్దు. నాకు అక్కడ ఏడుపు రాలేదు, దోమలు మాత్రం బాగా కుట్టాయి. నీకు ఏడుపొస్తే ఏడువు తల్లీ, అల్లుడు పక్కనే ఉంటాడు.

7. ఎల్రాయ్ స్టాడ్‌కు పైన రాసిన ఆరో అంశం నకలు. ప్రిచర్డ్ గారు దాన్ని అతని దుకాణం గోడకు, అందరూ చదివేంత ఎత్తులో అంటించాలి. ఎల్రాయ్, ఆ రోజు నీకక్కడ చేప పడలేదుగా, ఇక్కడ పడుతుంది. వెళ్ళు. ఊరంతా వెళ్ళండి. ఆ దారి నిండా మనుషుల అడుగులు పడాలి. ఎవడు జారి పడినా కేక వేస్తే వినే దూరంలో ఇంకొకడు ఉండాలి.

8. చివరిది. నా వంటింట్లో రోడ్డు వైపు కిటికీ పక్కనున్న కుర్చీ నా మరిది తౌనో నుర్మెలాకు.

తౌనో, మీ అన్న కోసం నేను చూపులు కాయలు కాసేలా కూర్చున్న కుర్చీ అది. నిన్ను క్షమించానని ఈ కాగితంలో ఎక్కడా రాయలేదు, వెతుక్కోకు. మీ అన్న చచ్చినా చెప్పొద్దన్నాడు, నువ్వు అతను చచ్చేదాకా చెప్పలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

కానీ కైసా వెళ్ళిన రోజు దాని కోసం ఎదురుచూడడానికి నేనుండను. హెల్వికి చెవుడు. ప్రిచర్డ్ గారికి అడవంటే భయం. ఈ ఊళ్ళో తక్కిన ప్రతి మనిషీ, "చేప పడుతోంది కాబోలు, వస్తుందిలే" అంటాడు. అలా అనలేనివాడు నువ్వొక్కడివే. రాత్రిళ్ళు నీ వంటింట్లో దీపం ఎప్పుడారుతుందో నాకు తెలుసు. నా దీపం నీకూ తెలిసే ఉంటుంది.

అందుకని నా తరఫున ఎదురుచూసే పని నీకు అప్పగిస్తున్నాను. కైసా బయల్దేరే ముందు నీ గుమ్మంలో నిలబడి, ఏ సరస్సుకు వెళుతోందో, ఏ సాయంత్రం వస్తుందో నిజం చెప్పి వెళ్ళాలి. అది చెబితేనే, ప్రిచర్డ్ గారు నీకిచ్చే కనూ పాక తాళంచెవి దానికివ్వు. ఆ సాయంత్రం నువ్వు గుర్రపునాడా రేవులో ఉండాలి. పొద్దు చెట్ల కొసలకు దిగేసరికి కనూ కనపడకపోతే, ఇంకాసేపు చూద్దామనుకోకుండా షెరీఫు దగ్గరకు వెళ్ళి సరస్సు పేరు చెప్పు. అరిచి చెప్పు. తర్వాత అది నవ్వుకుంటూ వస్తే రానీ, ఊరంతా నిన్ను చూసి నవ్వితే నవ్వనీ. నాకున్నది అదొక్కతే తౌనో.

క్షేమంగా వస్తే, నువ్వు ఇంటికి పోయే ముందు శ్మశానం దగ్గర బండి ఆపు. దిగి నా దగ్గరకు రా. "వచ్చేసింది వదినా" అని ఒక్క మాట చెప్పు చాలు. ఈసారి నేను పలకకపోతే, అది కోపంతో అనుకోకు.

ఇందులో రాసినదంతా నా ఇష్టమేనని, చదివి సరిచూసుకుని, కింది సాక్షుల ఎదుట నా చేత్తో సంతకం చేస్తున్నాను.

తేదీ: 1988 ఫిబ్రవరి 16, తమరాక్ ఫాల్స్.

(సంతకం)
సైమీ నుర్మెలా

ఆమె మా కళ్ళ ముందు, నిండు తెలివితో సంతకం చేసిందని, అందుకు మేమిద్దరమూ అక్కడే ఉన్నామని ధ్రువీకరిస్తున్నాము:

1. ఓర్విల్ డాల్‌బర్గ్, తపాలా బట్వాడా ఉద్యోగి
2. బెర్నీస్ కొటిలా, జిల్లా నర్సు