అమ్మ ఆపరేషన్ తారీఖు

తమ్మీ పరశురాం,

ఫోన్ చేస్తే మధ్యలనే పెట్టేస్తవని కార్డు రాస్తున్న. నేను బాగనే ఉన్న గని నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయి. డ్యూటీ అయినంక మా నర్సులకు పరిశోధన ఎట్ల చెయ్యాల్నో నేర్పుతున్నరు. నిన్న సాబెరా అనే పెద్దామెను ఆమెకు ఎన్నడో అయిన ఆపరేషన్ గురించి ప్రశ్నలు అడగవోయిన. ముందుగాల "చెప్పుడు నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడగాలె, గది రూలు. గంతే, ఆమె ఏడ్చింది. "గర్భసంచి తీసినప్పుడు గీ మాట ఎవ్వరడగలే బేటీ" అన్నది. ప్రశ్నల కాయిదం మడిచి పెట్టిన. ఆమె పక్కనే కూసున్న.

వచ్చే నెల అమ్మకు గదే ఆపరేషనని తారీఖు పెట్టినవట. అమ్మను అడిగినవా? బీపీ గోలీలు తెచ్చినవా? ఆదివారం నేనొచ్చి ఇంకో డాక్టరుకు చూపిస్త. అమ్మ వద్దంటే వద్దు. మరదలుకు, పిల్లలకు నా దీవెనలు.

మీ అక్క సుమన, మెదక్