ప్రార్థన మనవుల్లో నా సిలబస్

బాపట్ల, జూన్ 3

దేవకుమారి అత్తయ్యకు,

నీ ఫోను మావయ్య ఎత్తి వీధంతా వినిపిస్తాడు గనుక ఉత్తరం రాస్తున్నాను. యూనివర్సిటీలో మతాన్ని విమర్శనాత్మకంగా చదివే కొత్త కోర్సు ఒకటి తయారుచేశాను. నెలాఖరుకి కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నాకు చెప్పడానికి పాఠం లేదు, నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఇంటికి పంపేస్తారు.

నలభై పేజీల సిలబస్ రాశాను. జనం అభిప్రాయాలు కూడా జత చెయ్యమన్నారు. ఎందుకు నమ్ముతాం? ఆచారాలు ఎవరు పెట్టారు? చర్చిలో పెత్తనం ఎవరిది? ఈ మూడింటికీ మీ స్త్రీల సమాజం చేత జవాబులు రాయించి పంపు.

నీ మేనల్లుడు,
శాలేమురాజు

తా.క. నేను చర్చికి వెళ్తున్నానా అని అడక్కు. అది సిలబస్‌లో లేదు.

రేపల్లె, జూన్ 9

నాయనా రాజూ, ప్రభువు నామంలో వందనాలు.

సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పి నాలుగుసార్లు సబ్బుపెట్టె గెలిచినవాడివి, ఎందుకు నమ్ముతామని నన్నడుగుతావా? ఆ కాగితం పట్టుకుని ఏడ్చాను. ఆదివారం చర్చిలో చదివే ప్రార్థన మనవుల్లో నీ పేరు రాయించాను. కొండమ్మ మోకాలి ఆపరేషనుకీ బిందు డీఎస్సీకీ మధ్యన "దారి తప్పిన మన శాలేమురాజు" అని పాస్టరు అయ్యగారు చదివారు. శుక్రవారం సమాజమంతా నీ కోసం ఉపవాసం.

నీ అత్తయ్య

తా.క. నువ్వు మాత్రం వేళకు తిను.

బాపట్ల, జూన్ 13

అత్తయ్యా,

నేను ఏ దారీ తప్పలేదు. విమర్శ అంటే తిట్టడం కాదు. అన్ని మతాలవాళ్ళనీ ఇవే అడుగుతున్నాను. నాతో పనిచేసే రామకోటి వాళ్ళమ్మ సుబ్బులమ్మగారికి కూడా తెనాలి వెళ్ళి ప్రశ్నలు ఇచ్చొచ్చాను. దయచేసి నా పేరు తీయించు. కమిటీ దగ్గరపడింది, చేతిలో ఒక్క జవాబు లేదు. ఉపవాసాలు జత చేస్తే వాళ్ళు ఒప్పుకోరు.

శాలేమురాజు

తా.క. సుబ్బులమ్మగారు జవాబులు మానేసి నా పేరున అర్చన చేయించారు. గోత్రం అడిగితే రామకోటి తనదే చెప్పాడట.

రేపల్లె, జూన్ 20

రాజూ, వందనాలు.

రాయించిన పేరు ఊరికే తీయరు. నువ్వే వచ్చి, సంఘం ముందు నిలబడి, సాక్ష్యం చెప్పాలి. మన పద్ధతి తెలుసుగా.

ఉపవాసం రోజు దేనికోసం ప్రార్థిస్తున్నామో తెలియాలని నీ ప్రశ్నలు చదివి వినిపించాను. మూడోది వినగానే కొండమ్మ మోకాలు పట్టుకుని లేచింది.

"ముప్పై ఏళ్ళుగా కోత పండక్కి వండేది మనం. సంఘం కమిటీలో కూర్చునేది మగవాళ్ళు. ఇది బైబిల్లో ఎక్కడుందమ్మా?" అంది.

వెతికాం. దొరకలేదు. ఉపవాసం విడిచే వేళ దాటినా ఎవరూ లేవలేదు. మా మాటలన్నీ పన్నెండు పేజీలయ్యాయి, పంపుతున్నాను.

నీ అత్తయ్య

తా.క. ఈ వారం అయ్యగారు తన పేరు కూడా మనవుల్లో చేర్చుకున్నారు.

బాపట్ల, జూన్ 30

అత్తయ్యా, వందనాలు.

కోర్సు పాసయింది, ఉద్యోగం నిలిచింది. నా నలభై పేజీలు కమిటీవాళ్ళు ఆవలిస్తూ తిప్పారు. మీ పన్నెండూ రెండుసార్లు చదివించుకున్నారు. మొదటి యూనిట్ అదే. మొదటి క్లాసు నువ్వు చెప్పాలట, నేను హాజరు వేసుకోవాలట. లోకానికి ప్రశ్నలు నేర్పుతానని బయల్దేరి, నన్ను నేను ఒక్కటీ అడుక్కోలేదు. సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది.

ఆదివారం వచ్చి సాక్ష్యం చెప్తాను. నమ్మకం పోయిన మాట నిజమేనని ఒప్పుకుంటాను. నా సిలబస్ మీద.

నీ శిష్యుడు,
శాలేమురాజు

తా.క. తన అర్చన వల్లే పాసయిందంటూ సుబ్బులమ్మగారు కూడా నాతో వస్తున్నారు. ఎవరిది ఫలించిందో మీరిద్దరూ కూర్చుని తేల్చండి. నేను పక్కన రాసుకుంటాను, రెండో యూనిట్ ఇంకా ఖాళీగానే ఉంది.