ఏడు కోట్ల కుప్ప

కాకినాడ, హాస్టలు

ప్రియమైన నాన్నగారికి,

ప్రసన్న వందనాలు. ఫోనులో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను. కొత్త సంగతేదో కనిపెట్టానని మీరు పై నెల ఒకటో తారీఖున మూడు నోటు పుస్తకాలూ పట్టుకుని మా లెక్కల మేడంగారి దగ్గరికి వస్తానన్నారు. ఆమె ముందు మీరు చిన్నబోకూడదు. ఆలోపే నిజం చెప్పాలి.

పోయినేడు "నాక్కూడా ఓ పెద్ద లెక్క ఇయ్యమ్మా" అని మీరు రోజూ అడుగుతుంటే, విసుగొచ్చి 7,39,39,133 ఇచ్చాను. ఏ సంఖ్యతోనైనా నిశ్శేషంగా పోతుందేమో చూడమన్నాను. ఒకటితోనూ తనతోనూ తప్ప పోదు. చివరి అంకె తీసేస్తే మిగిలే 73,93,913 కూడా అంతే. అలా ఒక్కొక్కటే తీస్తూ పోతే, ఏడు ఒక్కటే మిగిలేదాకా ఏదీ లొంగదు. ఇలాంటి గుణమున్న సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది. ఇదంతా నా పుస్తకంలోనే ఉంది. ఇచ్చిన రోజే నాకు జవాబు తెలుసు.

మీరేమో పగలంతా కొబ్బరికాయలు లెక్కపెట్టి వచ్చి, రెండుతో పోనిది నాలుగుతోనూ పోదని అలాంటివన్నీ వదిలేస్తూ, ఎనిమిది నెలల్లో వెయ్యికి పైగా భాగహారాలు చేశారు. 8,597 దగ్గర ఆపేశారేమని అడిగితే, "ఇంకెందుకమ్మా? వరసలు అంతకన్నా ఎక్కువ పెడితే వరసకి కాయలు అంతకన్నా తగ్గుతాయి గదా. ఆ తక్కువతో ముందే చూసేసేం" అన్నారు. అది బుర్రకెక్కడానికి నాకు క్లాసులో వారం పట్టింది. మీరు చదివింది ఐదో తరగతి! మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉంది, నన్ను చూసుకుంటే సిగ్గుగా ఉంది. క్షమించండి.

మీ
ప్రసన్నకుమారి

కొత్తపేట

అమ్మా ప్రసన్నా,

నీ ఉత్తరం అందింది. నువ్వు లెక్క ఇచ్చిన రెండో రోజే, నాతో కాయలు లెక్కపెట్టే మన లోవరాజు ఫోనులో చూసి జవాబు చెప్పేశాడు. నీకూ తెలుసని నాకు తెలుసు. పుస్తకంలో లేని లెక్క నువ్వెందుకిస్తావు?

కానీ ఎవరు చెప్పినా, నా చేత్తో లెక్కపెట్టకుండా కుప్పని లారీ ఎక్కనివ్వను. కాయల లెక్క అలవాటే ఒకసారి కొంప ముంచింది. నూరు కాయలకి గుర్తుగా ఒకటి పక్కన పెడతాం కదా, భాగహారం మధ్యలో కూడా ఒకటి అలాగే పక్కన పెట్టి, మళ్ళీ కలపడం మరిచాను. నిశ్శేషంగా పోయింది! లోకమంతా తప్పు, నేనే ఒప్పు అని రెండు రోజులు మీసం తిప్పాను; మళ్ళీ చేసి చూస్తే తప్పు దొరికింది. మీ అమ్మ ఇంకా నవ్వుతోంది. నేను కొత్తగా కనిపెట్టానన్నది ఆ తప్పు ఎలా వచ్చిందో; మీ మేడంగారికి చూపించాలనుకున్నదీ అదే.

నువ్వు హాస్టలుకెళ్ళాక ఇంట్లో ఏం తోచక లెక్క అడిగాను తల్లీ. నీ సంఖ్య నన్ను ఎనిమిది నెలలు కనిపెట్టుకుని ఉంది. ఇప్పుడది అయిపోయింది. ఇంకోటి ఇయ్యి. ఈసారి జవాబు నీకూ తెలియనిది ఇయ్యి, ఇద్దరం కలిసి చేద్దాం.

మీ నాన్న
లాజరు