ఏడో గది తలుపు

4 సెప్టెంబర్ 2022
స్టేడియం పని అయిపోయింది. ఇండియాకి తిరిగి పంపేవాళ్ళ లిస్టు ఆఫీసు బోర్డు మీద పెట్టారు. ధర్మరాజు, డాక్యుమెంట్ కంట్రోలర్. ఎనిమిదో పేరు నాదే. యాభై తొమ్మిదేళ్ళవాడికి తణుకులో ఎవడిస్తాడు ఉద్యోగం? మా అమ్మాయి షెరిన్ నర్సింగ్ ఇంకా రెండేళ్ళుంది.

6 సెప్టెంబర్
హెచ్ఆర్ మేనేజర్ రఫీయుద్దీన్ సార్ పిలిచారు. హైదరాబాదీ, పెరిగింది కువైట్‌లో. నా బయోడేటా చూస్తున్నారు. 1988, కువైట్, హోమ్ కంప్యూటర్ గేమ్స్ ప్రోగ్రామర్. ఏం గేమ్స్ అన్నారు. మూడూ చెప్పాను. మూడోది వినగానే కుర్చీలోంచి లేచారు. ముత్యాల కోసం ఏడు గదులు దాటే ఆట. చిన్నప్పుడు రెండేళ్ళు ఆడినా ఏడో గది తలుపు తెరుచుకోలేదట. దానికి తాళంచెవే లేదన్నందుకు తమ్ముణ్ణి కొడితే పన్ను ఊడిందట. అదెక్కడున్నదో చెప్పుండ్రి రాజు గారూ, మీ పేరు సంగతి నేను చూసుకుంటా అన్నారు.

ఆదివారం చెప్తానన్నాను.

అదే రోజు, సాయంత్రం 6
సార్ తమ్ముడన్నదే నిజం. రంజాన్‌కి మార్కెట్లోకి రావాలని కంపెనీ తొందరపెట్టింది. మెమరీలో చోటు చాలలేదు. అంతదాకా ఎవడొస్తాడులే అని తాళంచెవి పెట్టకుండా తలుపు గీసి వదిలేశాను. బతుకులో నేను చేసిన ఒక్క మంచి పనీ ఆ ఆటే. అదీ సగమే.

ఉన్నది చెప్పేయండి, దేవుడే చూసుకుంటాడని మా ఆవిడ సుసన్న ఫోన్‌లో అంది. దేవుడు వీసా రెన్యూ చేస్తాడా?

9 సెప్టెంబర్, శుక్రవారం
చర్చికి వెళ్ళలేదు. ఎవరో ఆ గేమ్‌ని నెట్‌లో పెట్టారు. లాప్‌టాప్‌లోకి దించుకుని కోడ్ విప్పాను. టైటిల్ మ్యూజిక్ సగం తీసేస్తే చోటు దొరికింది. నాలుగో గదిలో ఖర్జూరం చెట్టు కింద తవ్వితే తాళంచెవి దొరికేలా రాశాను. ముప్పై ఏళ్ళ తరవాత ప్రోగ్రాం రాశాను. సంతోషంగా ఉంది. ఛీ.

11 సెప్టెంబర్
నా లాప్‌టాప్ మీద సార్ ఆడారు. అప్పటి తాళంచెవే, ఇప్పుడు గుర్తొచ్చింది అన్నాను. తలుపు తెరుచుకుంది. సార్ ఏడ్చారు. మధ్యాహ్నానికి లిస్టులో నా పేరు కొట్టేసి ఉంది.

14 సెప్టెంబర్
సార్ తమ్ముడు కువైట్‌లోనే ఉన్నాడట. పాత కంప్యూటర్, అప్పటి గేమ్ అసలు కార్ట్రిడ్జ్ రెండూ దాచుకున్నాడట. సార్ అతనికి చెట్టు సంగతి చెప్పి, నువ్వే ఓడిపోయినవ్ అని నవ్వారట. ఆ కార్ట్రిడ్జ్‌లో తాళంచెవి లేదు.



22 సెప్టెంబర్
సార్ ఫోన్ నా చేతికిచ్చారు. తమ్ముడు చాలా మర్యాదగా, వారం నుంచి తవ్వుతున్నా అంకుల్, ఎన్నిసార్లు తవ్వాలె అన్నాడు.

వందసార్లు అన్నాను.